దోమలకు లెక్క కట్టిన డాక్టరు

వానలు మొదలైతే చాలు, పుప్పాలగూడ అపార్ట్‌మెంట్ల వాట్సాప్ గ్రూపుల్లో డెంగీ కబుర్లే. ఆ వైరస్‌ను మోసేది దోమ అని మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. దోమ మలేరియాను మోస్తుందన్న ఆధారం మాత్రం మొదట మన నగరంలోనే దొరికిందని తెలుసా? బేగంపేటలో పాత విమానాశ్రయం దగ్గరున్న ఆ భవనానికి సర్ రొనాల్డ్ రాస్ పేరు అందుకే పెట్టారు.

రాస్ 1857లో అల్మోడాలో పుట్టారు. రచయిత కావాలన్నది ఆయన కోరిక. సైన్యంలో పెద్ద అధికారి అయిన నాన్న మాత్రం డాక్టరే కావాలన్నారు. (ఇంట్లోవాళ్ల కోసం ఇంజినీరింగ్‌లో చేరినవాళ్లకు ఈ కథ బాగా తెలుసు!) 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి, తీరిక వేళల్లో కవితలు రాసుకున్నారు, సొంతంగా గణితం నేర్చుకున్నారు.

మలేరియా పరాన్నజీవి రక్తంలో ఉంటుందని లావెరాన్ 1880లోనే కనిపెట్టారు. అది ఒంట్లోకి ఎలా వస్తుందన్నదే తేలలేదు. దోమల్ని అనుమానించమని 1894లో ప్యాట్రిక్ మాన్సన్ దారి చూపారు. రాస్ సికింద్రాబాద్ వచ్చి దోమల్ని కోసి చూడటం మొదలుపెట్టారు. రెండేళ్లు ఏమీ దొరకలేదు. కారణం సింపుల్, అవి వేరే జాతి దోమలు. 1897 ఆగస్టులో ఉక్కపోత. పంకా వేస్తే దోమలు ఎగిరిపోతాయని ఆపేశారు. చెమటకు మైక్రోస్కోప్ మరలు తుప్పుపట్టాయి. హుస్సేన్ ఖాన్ అనే రోగి కాటుకు అణా చొప్పున తీసుకుని దోమలతో కుట్టించుకున్నారు. ఆగస్టు 20న, అలా కుట్టిన ఒక దోమ కడుపు గోడలో నల్లటి రేణువులున్న కణాలు కనిపించాయి.

కొద్దివారాలకే బదిలీ! వెళ్లిన ఖేర్వారాలో మలేరియా కేసులే తక్కువ. మిగతా చక్రాన్ని 1898లో కలకత్తాలో పక్షుల మీద పూర్తిచేశారు. అక్కడ సాయపడిన కిశోరీమోహన్ బందోపాధ్యాయ పేరు ఎంతమందికి తెలుసు? 1902 నోబెల్ రాస్ ఒక్కరికే వచ్చింది. ఆ వాటా సరిగా పంచలేదనే నా అభిప్రాయం.

నా దృష్టిలో అసలు గొప్పపని ఆ తర్వాతిది. దోమలన్నిటినీ చంపడం అయ్యే పనేనా అని చాలామంది పెదవి విరిచారు. రాస్ సమీకరణాలతో జవాబిచ్చారు. అన్నిటినీ చంపక్కర్లేదు, ఒక హద్దుకన్నా తగ్గిస్తే మలేరియా తనంతట తానే ఆరిపోతుంది. ఆయనతో సియెరా లియోన్ వెళ్లొచ్చిన మెకెండ్రిక్, 1927లో కెర్మాక్‌తో కలిసి ఈ హద్దు ఆలోచనను మనిషి నుంచి మనిషికి అంటే రోగాలకూ విస్తరించారు. కొవిడ్ రోజుల్లో మీరు విన్న 'ఆర్' విలువకు మూలాలు ఇక్కడే ఉన్నాయి. రాస్ 1932లో చనిపోయారు.

ఆ మోడల్‌కి పైథాన్‌లో పాతిక లైన్లు చాలు. ఈ వీకెండ్ రాసి చూడండి. ఒక రోగి సగటున అంటించేవాళ్ల సంఖ్యను 1.1 నుంచి 0.9కి దించి, గ్రాఫ్ ఎటు తిరుగుతుందో గమనించండి.