సర్వాయి పాపన్న

సర్వాయి పాపన్న (మరణం: 1710) మొగలుల కాలంలో తెలంగాణలో సొంత కోటలు, సైన్యం సమకూర్చుకొని హైదరాబాదు సుబేదారులను ఎదిరించిన వ్యక్తి. జానపదులు ఇతనిని వీరుడిగా కీర్తించగా, పారశీక చరిత్రకారుడు ఖాఫీఖాన్ క్రూరుడైన బందిపోటుగా చిత్రించాడు. ఖాఫీఖాన్ పాలకుల పక్షం వాడు. అయినా పాపన్న జీవిత విశేషాలు ఎక్కువగా అతని గ్రంథం వల్లనే తెలుస్తున్నాయి.

తొలి జీవితం

పాపన్న కల్లుగీత వృత్తిగా గల కుటుంబంలో జన్మించాడు. కులవృత్తిలో ఉండమన్న తల్లి మాట కాదని గోలకొండను కొల్లగొట్టడానికి బయలుదేరాడని జానపద గాథ చెబుతుంది. ఖాఫీఖాన్ కథనం ఇంత ఉదాత్తంగా లేదు. దాని ప్రకారం పాపన్న మొదట దోచుకున్నది సొంత సోదరినే. ధనవంతురాలైన ఆ వితంతువు సొమ్ముతో మనుషులను కూడగట్టి, తాటికొండ గుట్టపై స్థావరం ఏర్పరచుకొని, బాటసారులైన వర్తకులను కొల్లగొట్టసాగాడు.

ఫౌజుదారులు తరుమగా కౌలాసు (నేటి కామారెడ్డి జిల్లాలోనిది) జమీందారు వెంకటరావు కొలువులో చేరాడు. అక్కడా దోపిడీలు మానకపోవడంతో జమీందారు చెరలో వేయించాడు. కొంతకాలానికి జమీందారు కుమారుడు జబ్బుపడగా, బిడ్డ బాగుకోరి అతని భార్య ఖైదీలందరినీ విడిపించింది. పాపన్న తరువాతి చరిత్రకంతటికీ ఆ తల్లి దయే కారణమనవచ్చు.

విజృంభణ

విడుదలైన పాపన్న ఖిలాషాపూర్‌ను (నేటి జనగామ జిల్లా) ముఖ్య స్థావరం చేసుకొని రాతికోట కట్టించాడు. ఔరంగజేబు 1707లో మరణించాక మొగలు అధికారం సడలింది. 1708లో పీర్ల పండుగ వేళ ఓరుగల్లుపై పడి విస్తారమైన ధనాన్ని కొల్లగొట్టాడు. ఎందరో స్త్రీలను చెరపట్టాడు. పాపన్నను కేవలం పేదల పక్షపాతిగా చెప్పేవారు ఈ సంగతిని దాటవేయరాదు. 1709లో బహదూర్‌షా హైదరాబాదు వచ్చినప్పుడు కానుకలు సమర్పించి గౌరవ వస్త్రాలు పొందాడు. దీనితో ఆగ్రహించిన నగర ప్రముఖులు చక్రవర్తికి మొరపెట్టుకోగా, పాపన్నను అణచవలసిందిగా సుబేదారు యూసుఫ్‌ఖాన్‌కు ఆజ్ఞ అయింది.

పతనం

ఖిలాషాపూర్ చెరలో ఉన్నవారిలో పాపన్న బావమరిది ఒకడు. పాపన్న వేరొక ముట్టడిలో ఉండగా, అతని భార్య ఆహారంలో ఆకురాళ్ళు దాచి తన సోదరునికి పంపింది. ఖైదీలు సంకెళ్ళు కోసుకొని కోటను పట్టుకున్నారు. తిరిగివచ్చిన పాపన్నను అతని ఫిరంగులే ఎదుర్కొన్నాయి. తాటికొండకు పారిపోయి నెలల తరబడి ముట్టడిని తట్టుకున్నాడు. మందుగుండు నిండుకొని, అనుచరులు శత్రువులలో చేరిపోగా, మారువేషంలో తప్పించుకొని హసనాబాదు చేరాడు. అక్కడ కల్లు అమ్మేవాడొకడు ఆనవాలు పట్టడంతో దొరికిపోయాడు. 1710లో మరణశిక్ష అమలు చేసి, తలను చక్రవర్తి కొలువుకు పంపి, మొండేన్ని హైదరాబాదులో వేలాడదీశారు.