చిట్టచివర వచ్చిన బండి
(ఎడ్వార్డ్ మిషెలిన్, 1859–1940)

కారు పందెం అనగానే మన కళ్ళు ముందున్న బండి మీదే ఉంటాయి. రెండోది ఎవరిదో మర్నాటికి గుర్తుండదు, ఇక ఆఖరుది ఎవరికి కావాలి? కానీ 1895లో ఫ్రాన్స్‌లో జరిగిన ఒక పందెంలో చిట్టచివర వచ్చిన బండే ఇవాళ్టి ఫార్ములా వన్ టైర్లకి దారి వేసింది. ఆ బండి తోలిన అన్నదమ్ముల్లో చిన్నవాడు ఎడ్వార్డ్ మిషెలిన్.

ఎడ్వార్డ్ 1859 జూన్ 23న పారిస్‌లో పుట్టాడు. అన్న ఆంద్రే ఇంజనీరు. తమ్ముడికి మాత్రం బొమ్మలు వేయడమంటే ప్రాణం. అప్పట్లో పేరుమోసిన చిత్రకారుడు బూగెరో దగ్గర శిష్యరికం చేశాడు. చిత్రకారుడిగానే బతకాలనుకున్నాడు.

ఇంతలో క్లెర్మాంట్-ఫెరాండ్ ఊళ్ళో తాతగారి ఫ్యాక్టరీ అప్పుల్లో పడింది. మొదట వ్యవసాయ యంత్రాలు చేసే ఫ్యాక్టరీ అది. అందులోకి రబ్బరు వచ్చింది ఒక ఆడమనిషి చేతి మీదుగా. భాగస్వామి డోబ్రే భార్య ఎలిజబెత్, వానకోటు గుడ్డ తయారుచేసిన మాకింటాష్‌కి మేనకోడలు. పిల్లలు ఆడుకోవడానికని ఆమె రబ్బరు బంతులు చేసిందట. అలా రబ్బరు పని మొదలై గొట్టాల దాకా, బ్రేకు కట్టల దాకా వచ్చింది. ఇప్పుడు అదంతా మూతపడేలా ఉంది. ఇంటివాళ్ళు పిలిచారు. ఎడ్వార్డ్ కుంచె పక్కన పెట్టి వెళ్ళాడు. 1889లో కంపెనీకి మిషెలిన్ పేరు పెట్టి ఆయనే యజమాని అయ్యాడు. అప్పటికి వయసు ముప్పై. రబ్బరు గురించి తెలిసింది దాదాపు సున్నా.

ఆ రోజుల్లోనే ఒక సైకిలాయన పంక్చరైన టైరుతో ఫ్యాక్టరీకి వచ్చాడు. అది డన్‌లప్ గాలి టైరు, అప్పటికి కొత్త వింత. టైరుని రిమ్ముకి జిగురుతో అంటించేసేవాళ్ళు. దాన్ని ఊడదీసి అతుకు వేయడానికి మూడు గంటలు పట్టింది, ఆరడానికి ఒక రాత్రి పట్టింది. తెల్లారాక ఎడ్వార్డ్ ఆ సైకిలెక్కి తొక్కి చూశాడు. కొంచెం దూరం వెళ్ళాడో లేదో గాలి పోయింది! ఇంకొకరైతే ఇది పనికిరాదని వదిలేసేవారు. ఆయనకి మాత్రం ఆ కొంచెం దూరంలో ఒళ్ళు కుదపకుండా సాగిన సుఖం తెలిసింది. గాలి టైరు మంచిదే, అంటించడమే తప్పు అని తేల్చుకున్నాడు. 1891లో ఊడదీసి మళ్ళీ బిగించుకునే టైరుకి పేటెంటు తీసుకున్నాడు. అదే ఏడు పారిస్-బ్రెస్ట్-పారిస్ సైకిలు పందెంలో షార్ల్ టెరోఁ ఆ టైర్లతోనే గెలిచాడు. మరుసటేడు మిషెలిన్‌లే ఇంకో పందెం పెట్టి, దారిలో కావాలని మేకులు చల్లించారు. పంక్చరు కాదని చూపించడానికి కాదు, అయితే ఎంత సులువుగా బాగుచేసుకోవచ్చో చూపించడానికి!

సైకిలు సరే, కారు బరువు మోయగలదా? అందరికీ అదే అనుమానం. కార్లకి అప్పుడు గట్టి రబ్బరు చక్రాలో, ఇనప పట్టీల చక్రాలో ఉండేవి. 1895 జూన్‌లో పారిస్-బోర్డో-పారిస్ పందెం, దూరం సుమారు 1,180 కిలోమీటర్లు. అన్నదమ్ములు ఒక బండి సిద్ధం చేసుకుని, గాలి టైర్లు వేసుకుని తామే తోలారు. బండి పేరు లెక్లేర్, అంటే మెరుపు. వేగాన్ని చూసి పెట్టిన పేరు కాదు, మెరుపులా వంకరటింకరగా పోతుందని పెట్టిన పేరు!

దారి పొడవునా పంక్చర్లే. వెంట తెచ్చుకున్న 22 ట్యూబులూ అయిపోయాయి. గట్టి రబ్బరు చక్రాల మీద లెవస్సోర్ 48 గంటల 48 నిమిషాల్లో తిరిగొచ్చాడు. మిషెలిన్‌ల బండి మాత్రం 100 గంటల గడువు దాటాక పారిస్ చేరింది. జనం నవ్వారు. కానీ చూడండి, అన్ని గంటలు, అంత బరువు కింద, ఆ గతుకుల రోడ్ల మీద ఏ టైరు ఎక్కడ చిరిగింది, ఎందుకు చిరిగింది అన్నది ఆ ఇద్దరికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. కొన్నేళ్ళకే పందెపు బండ్లన్నీ గాలి టైర్లకి మారిపోయాయి. 1899లో జెనాట్జీ కరెంటు బండి తొలిసారి గంటకి 100 కిలోమీటర్లు దాటింది కూడా మిషెలిన్ టైర్ల మీదే.

1906లో లె మాన్ దగ్గర మొట్టమొదటి గ్రాండ్ ప్రీ. రెండు రోజుల పందెం, 1,200 కిలోమీటర్లకు పైనే. ఎండకి రోడ్డు మీద తారు కరిగింది, రాళ్ళు టైర్లని కోసేశాయి. టైరు పోతే డ్రైవరూ పక్కనున్న మెకానిక్కూ తప్ప ఇంకెవరూ చెయ్యి వేయకూడదు. పాత టైరుని కత్తితో కోసి తీసి, కొత్తది ఎక్కించడానికి పావుగంట పట్టేది. మిషెలిన్ దీనికోసమే బోల్టులతో ఊడొచ్చే రిమ్ము చేసింది. గాలి నింపిన టైరుతో సహా రిమ్మునే మార్చేయొచ్చు. నాలుగు నిమిషాల లోపే పని అయిపోయేది. ఆ రిమ్ములతో రెనో బండి తోలిన ఫెరెంక్ సిస్ 32 నిమిషాల తేడాతో గెలిచాడు. ఇవాళ ఫార్ములా వన్‌లో నాలుగు చక్రాలూ మూడు సెకన్ల లోపే మారుస్తున్నారు కదా, దాని మొదలు ఇదే.

ప్రచారమంతా అన్న ఆంద్రేది. ఎడ్వార్డ్ ఫ్యాక్టరీ గడప దాటి పెద్దగా కనిపించేవాడు కాదు. పెద్దవయసులో దెబ్బ మీద దెబ్బ తగిలింది. 1931లో అన్న పోయాడు. 1932లో కొడుకు ఎత్యేన్ విమాన ప్రమాదంలో పోయాడు. 1937లో ఇంకో కొడుకు పియేర్ కారు ప్రమాదంలో పోయాడు. చక్రం రోడ్డుని వదలకూడదని జీవితమంతా పాటుపడ్డ మనిషికి ఆ రోడ్డే కడుపుకోత మిగిల్చింది. ఆయన 1940 ఆగస్టు 25న కన్నుమూశాడు. దేశం అప్పటికే జర్మనీ చేతిలో ఓడి ఉంది.

ఆయన పోయిన ఆరేళ్ళకి, 1946లో, ఆ కంపెనీ రేడియల్ టైరుకి పేటెంటు తీసుకుంది. పాత టైర్లలో లోపలి దారాల పొరలు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటుతూ ఉండేవి. చక్రం తిరిగేటప్పుడు అవి రాసుకుని వేడెక్కేవి. రేడియల్‌లో దారాలు ఈ అంచు నుంచి ఆ అంచుకి తిన్నగా ఉంటాయి, పైన ఉక్కు తీగల పట్టీ ఉంటుంది. పక్కగోడ వంగినా, నేలకి తగిలే భాగం చదునుగా నిలబడుతుంది. 1977లో రెనో ఈ టైర్లతో ఫార్ములా వన్‌కి వచ్చింది. 1978 బ్రెజిల్ పందెంలో ఫెరారీ మీద రాయిటమన్ వీటితోనే గెలిచాడు. తర్వాత మిగతా కంపెనీలూ ఇదే దారికి వచ్చాయి.

1895లో మొదట వచ్చినవాడికి తన చక్రాల్లో మార్చాల్సింది ఏమీ కనపడలేదు. చివర వచ్చినవాళ్ళకి 22 చిరిగిన ట్యూబులు కనపడ్డాయి. వాళ్ళు వాటిని పారేయకుండా చదువుకున్నారు. పరీక్ష అంటే మార్కుల కోసమే అనుకునే మనకి, పరీక్ష ఇంకో పనికి కూడా వస్తుందని చెప్పిన జీవితం ఇది.