ఒక్క గొంతే బృందగానమైంది

పెద్ద స్టూడియో లేదు. అద్దాల గదీ లేదు. న్యూయార్కులో జాక్సన్ హైట్స్ అనే పేటలో ఒక అపార్ట్‌మెంటు. అందులో గిటార్లు, ఒక మైకు, ఒక టేపు రికార్డరు. 1951 జనవరిలో అక్కడ రికార్డు చేసిన 'హౌ హై ద మూన్' పాట అమెరికాలో తొమ్మిది వారాలు మొదటి స్థానంలో నిలిచింది. వింటే నలుగురైదుగురు అమ్మాయిలు కలిసి పాడుతున్నట్టే ఉంటుంది. పాడింది మాత్రం ఒక్కరే. ఆమే మేరీ ఫోర్డ్.

1924 జూలై 7న పుట్టిన ఈమె అసలు పేరు ఐరిస్ కొలీన్ సమ్మర్స్. పెరిగింది కాలిఫోర్నియాలో. నాన్న చర్చిలో ప్రబోధకుడు. ఇంటిల్లిపాదీ పాడేవాళ్లే. పాటతోపాటు గిటారూ చిన్నప్పుడే చేతికొచ్చింది. 1945లో గిటారిస్టు లెస్ పాల్ పరిచయమయ్యాడు. ఆయనదో పిచ్చి. మామూలు చెక్క దిమ్మకి తీగలు బిగించి కరెంటు గిటారు చేసిన మనిషి! 1948 జనవరిలో ఓక్లహోమాలో మంచు రోడ్డుమీద వీళ్ల కారు జారి పడిపోయింది. నడుపుతున్నది ఆమే. ఆయన కుడి మోచెయ్యి నుజ్జయింది. ఇక మడవడం కుదరదని తెలిసి, గిటారు పట్టుకునేందుకు వీలైన వంపులోనే అతికించమని డాక్టర్లను కోరాడట. మరుసటి ఏడాది డిసెంబరులో ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు.

గాయకుడు బింగ్ క్రాస్బీ ఇచ్చిన ఆంపెక్స్ టేపు మిషనుకి లెస్ పాల్ అదనంగా ఇంకో హెడ్డు తగిలించాడు. కిటుకంతా అందులోనే ఉంది. పాత టేపు మోగుతుంటే దానికి జోడీగా మేరీ పాడుతుంది. పాతదీ కొత్తదీ కలిసి అదే టేపుమీద మళ్లీ రికార్డవుతాయి. పాతది చెరిగిపోతుంది. అంటే, ఏ పొర దగ్గర తడబడినా కిందివన్నీ పోయినట్టే, మళ్లీ మొదటికే! పైగా పొర పొరకీ పాత శబ్దం కాస్త మసకబారుతుంది. అందుకని వెనక వినిపించే గొంతులు ముందు, అసలు పాట చివర. ఏ గొంతు ఎక్కడ అందుకోవాలో, ఎక్కడ ఆగాలో అంతా ఆమె గుర్తుపెట్టుకోవాలి. మిషను గురించి చెప్పుకున్నంతగా ఈ ఓర్పు గురించి ఎవరూ చెప్పుకోలేదు.

మరి స్టేజీమీద అన్ని గొంతులు ఎలా? మొదట్లో మేరీ అక్కచెల్లెళ్లలో ఒకరు తెర వెనక దాక్కుని మైకులో గొంతు కలిపేవారు. జనానికి అదో మాయ. తర్వాత ఆయన గిటారుకే ఓ చిన్న పెట్టె బిగించి, దూరంగా ఉన్న టేపుని దాంతో నడిపించాడు.

మీ ఇంట్లో గిటారు నేర్చుకునే పిల్లలుంటే, నేలమీద ఒక పలక, దానిమీద వరసగా అమర్చిన చిన్న చిన్న డబ్బాలు చూసే ఉంటారు. అదే పెడల్‌బోర్డు. అందులో లూపర్ అనేదుంటుంది. కాలితో నొక్కితే వాయించింది పట్టుకుని తిరిగి తిరిగి మోగిస్తుంది, మీద ఇంకో పొర వేసుకోవచ్చు. ఆనాటి టేపు చేసిన పనే ఇది. సాధారణంగా దీన్ని వరసలో చివర, యాంప్లిఫయర్‌కి ముందు పెడతారు. అప్పుడు ముందున్న డబ్బాల్లో స్వరం ఎంత మార్చినా అప్పటికే పట్టుకున్న పొర చెడదు. నచ్చకపోతే ఒక్క నొక్కుతో చివరి పొరని తీసెయ్యొచ్చు కూడా. మేరీకి ఆ అదృష్టం లేదు.

1953లో న్యూజెర్సీలోని మావా ఇంట్లోంచే అయిదేసి నిమిషాల టీవీ కార్యక్రమం మొదలైంది. కబుర్లు, పాట, మధ్యలో ప్రకటన. ముచ్చటైన సంసారం. కానీ ఇల్లే స్టూడియో అయితే తలుపేసుకుని ఇంటికెళ్లిపోవడం ఎలా కుదురుతుంది? 1954లో నెలలు నిండకుండా పుట్టిన బిడ్డ దక్కలేదు. ఆ తర్వాత కూడా ఊరూరా కచేరీలు ఆగలేదు. ఒక పాపని పెంచుకున్నారు, తర్వాత బాబు పుట్టాడు. ఆమెకి ఇక చాలనిపించింది. ఆయనకి అనిపించలేదు. 1964లో విడాకులయ్యాయి.

లెస్ పాల్ 2009 దాకా బతికాడు. ఆయన పేరుతో గిటార్లు ఇప్పటికీ అమ్ముడవుతున్నాయి. 1988లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయన్ని గౌరవించింది, ఆమె పేరు పక్కన లేదు. మేరీ మాత్రం కాలిఫోర్నియా తిరిగి వెళ్లి, చదువుకున్న రోజుల స్నేహితుణ్ణి పెళ్లాడింది. మధుమేహంతో బాధపడుతూ 1977 సెప్టెంబరు 30న, 53 ఏళ్లకే కన్నుమూసింది.