రోజరు విలియమ్సుగారి చరిత్రము

బలవంతులచేతఁ బీడితులై యన్యదేశమునకుఁ బోయినవారు, తాము బలవంతులైనప్పుడు పరులను బీడింపకుండుట యరుదు. ఆంగ్లదేశమున రాజమతాధికారులచే బాధలందిన ప్యూరిటనులు అమెరికాఖండమునకుఁ బోయి, మాసచూసెట్సునందుఁ దమ మతమునకే దొరతనపు బలమును జేర్చి, భిన్నాభిప్రాయులను శిక్షింపఁ దొడఁగిరి. వారి నడుమ నిలిచి, మనుష్యుని యంతరాత్మపై దొరతనమున కధికారము లేదని బోధించి, ఆ బోధను రాజ్యతంత్రమున నడపి చూపిన రోజరు విలియమ్సుగారి చరిత్రమును మేమిచ్చట సంగ్రహముగా వ్రాయుచున్నాము.

ఈయన యించుమించుగా 1603వ సంవత్సరమున లండనునగరమందు జన్మించెను. బాల్యముననే సంక్షేపలిపి నేర్చి న్యాయసభలోని ప్రసంగములను వ్రాయుచుండఁగా, న్యాయశాస్త్రపారంగతుఁడైన సర్ ఎడ్వర్డు కోకుగారు మెచ్చి చదువునకు సాయపడెను. 1627లోఁ గేంబ్రిడ్జియందుఁ బట్టము పొంది, మతాచార్యుఁడై, 1631వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో భార్యతోఁగూడ బోస్టను చేరెను. అచ్చటి క్రైస్తవసంఘమువారు గురుపదవి నియ్యఁజూపఁగా, రాజమతముతో సంబంధము తెంచుకొనని సంఘమును గొలువనని నిరాకరించెను.

ఆయన బోధలలో రెండు పాలకులకు మిక్కిలి కంటకములయ్యెను. దేహమును, ధనమును, లోకశాంతిని గాపాడుటయే న్యాయాధికారి పనియనియు, ఈశ్వరారాధనవిషయమున నతఁడు దండము పూనరాదనియు నొకటి. అచ్చటి భూమి ఆదిమవాసులది గావున నాంగ్లరాజు దానిని దానము చేయఁజాలఁడనియు, వారియొద్దఁ గొనినఁగాని హక్కు కలుగదనియు రెండవది. 1635వ సంవత్సరము అక్టోబరులో నచ్చటి మహాసభవారు దేశబహిష్కారశిక్ష విధించిరి. వ్యాధిచే వసంతకాలమువఱకు గడువిచ్చియు, ఆయన యింటనే బోధించుచున్నాఁడని విని, పట్టి యోడ నెక్కించి యింగ్లండునకుఁ బంప నుద్యమించిరి. 1636 జనవరిలో, ఘోరమైన మంచులో, ఆయన యడవులఁబడి పోయెను. వాంపనోయగు జాతివారు దయతో నాశ్రయ మిచ్చిరి. క్రైస్తవుఁడు క్రైస్తవులచే వెడలఁగొట్టఁబడి, యనాగరకులని పేరుపడినవారిచే రక్షింపఁబడెను! నారగాన్‌సెట్టు దొరలైన కెనానికసు, మియాంటనోమి యనువారి యనుమతితో భూమి పొంది, యాయేఁట నీశ్వరరక్షణ మను నర్థముగల ప్రావిడెన్సుపురమును స్థాపించెను. లౌకికవిషయములందు మాత్రమే బహుజనాభిప్రాయమునకు లోఁబడుద మని యచ్చటివారు నిబంధన చేసికొనిరి.

1638లో నీ నిబంధనకుఁ బరీక్ష వచ్చెను. న్యాయవాదవృత్తియందున్న మాకు దీనిపై ప్రత్యేకాదరము గలదు. జాషువా వెరినను గృహస్థుఁడు తన భార్యను బ్రార్థనలకుఁ బోనీక కొట్టి నిర్బంధించెను. భార్య భర్తకు లోఁబడుటయు నీశ్వరాజ్ఞయే కదా యని యొకఁడు వాదించెను. పురజనులు దానిని ద్రోసివేసి, అంతరాత్మస్వాతంత్ర్యమును భంగపఱచిన దోషమునకై వెరినుకు సభలో సమ్మతి నిచ్చు హక్కు తీసివేసిరి. అతఁ డా యిల్లాలిని వెంటఁగొని సేలముపట్టణమునకుఁ బోయెను. అచ్చట నామెను రక్షించు ధర్మశాసనము లేకపోయెను. స్వాతంత్ర్యము పురుషులకే యని తలఁచువారీ కథను మఱవరాదు.

1643లో విలియమ్సుగా రింగ్లండునకుఁ బోయి, ఆదిమవాసుల భాషనుగూర్చి గ్రంథము ప్రకటించి, మఱుసటి యేఁట దేశపరిపాలనాధికారపత్రమును సంపాదించెను. యూదులకును, మహమ్మదీయులకును, ఏ మతమువారికైనను నారాధనస్వేచ్ఛ యుండవలెననియు, బలాత్కారపు టారాధన మీశ్వరునకుఁ బ్రీతికరము గాదనియు నాయన వ్రాసిన గ్రంథమును 1644లోఁ బార్లమెంటువారు తగులఁబెట్ట నాజ్ఞాపించిరి. గ్రంథము కాలినను సిద్ధాంతము కాలలేదు. 1663లో రెండవ చార్లెసురాజు రోడుదీవి కిచ్చిన శాసనమునందు, లోకశాంతికి భంగము గానంతవఱకు మతాభిప్రాయభేదమునకై యెవ్వరిని బాధింపరాదని చేరెను.

క్వేకర్ల సిద్ధాంతము లాయనకు సరిపడవు. వృద్ధాప్యమందు, 1672లో, స్వయముగాఁ దెడ్డువేసికొని న్యూపోర్టునకుఁ బోయి వారితో వాదించెను. అయినను 1657లోఁ బొరుగు రాజ్యములవారు క్వేకర్లను వెడలఁగొట్టుఁడని కోరఁగా రోడుదీవివారు నిరాకరించిరి. మాసచూసెట్సువారో 1659 మొదలు 1661 వఱకు నలుగురు క్వేకర్ల నురిదీసిరి. తనకు నచ్చినవారి స్వేచ్ఛను గోరుట యెవ్వరికైన సులభము. నచ్చనివారి స్వేచ్ఛను గాచుటయే ధర్మము.

ఈయనయందు లోపములు లేవని మేము చెప్పము. 1676 యుద్ధమున ప్రావిడెన్సుపురము తగులఁబడిన పిమ్మట, చెఱపట్టిన యాదిమవాసులను దాస్యమునకు విక్రయించిన సంఘమునం దాయనయు నుండెను. తన్ను రక్షించిన జాతులయెడ నిది తీఱని కళంకము. 1683లో నాయన పరలోకగతుఁడయ్యెను.

ఆయన పిమ్మట నా దేశమే త్రోవ తప్పెను. 1719లో నచ్చుపడిన శాసనములు రోమనుకాథలిక్కులను గ్రైస్తవేతరులను బౌరహక్కులకు దూరముచేసెను. 1762లో నేరను లోపెజను యూదవర్తకుని ప్రార్థన నచ్చటి న్యాయస్థానము ద్రోసివేసెను. కాని సత్యబీజము నశింపలేదు. 1787లో రచింపఁబడిన సంయుక్తరాష్ట్రముల రాజ్యాంగశాసనము ఉద్యోగములకు మతపరీక్షను నిషేధించెను. 1791లోఁ జేరిన మొదటి సవరణ మతస్థాపనమును, ఆరాధనకు విఘ్నము గలిగించుటను గాంగ్రెసుసభకు నిషేధించెను. మాసచూసెట్సువారు మతసంఘమునకై పన్ను గొనుట 1833లో మానిరి. విలియమ్సుగారి బహిష్కారమును 1936లో రద్దుచేసిరి. మొదటి సవరణలోని యారాధనస్వేచ్ఛ ప్రత్యేకరాష్ట్రములకును వర్తించునని సర్వోన్నతన్యాయస్థానము 1940లోఁ దీర్పు చెప్పెను.

చదువరులారా! అల్పసంఖ్యాకులమైన మనకీ చరిత్రము రెండు విషయములు నేర్పుచున్నది. శాసనపత్రమున నుండుటచేతనే హక్కు నిలువదు, దానిఁ గాచుకొనువారుండవలెను. మనము రక్షణ కోరునప్పుడు, మనకంటె నల్పులైనవారికిని, మన సిద్ధాంతములను ద్వేషించువారికిని, మన యిండ్లలోని స్త్రీలకును దానినే కోరవలెను. సర్వాంతర్యామియైన పరమేశ్వరుఁడు మనకట్టి బుద్ధి ననుగ్రహించుఁ గాక.