చుంగ్ జు-యుంగ్

చుంగ్ జు-యుంగ్ (నవంబరు 25, 1915 - మార్చి 21, 2001) దక్షిణ కొరియాకు చెందిన సుప్రసిద్ధ పారిశ్రామికవేత్త, హ్యుందాయ్ సంస్థల స్థాపకుడు. నిరుపేద రైతు కుటుంబంలో పుట్టి, ప్రాథమిక పాఠశాలతోనే చదువు ముగించి, రేవులో కూలి పని చేసి, బియ్యం కొట్టులో కుదిరి, ఆ తరువాత రహదారులు, ఆనకట్టలు, ఓడలు, కార్లు నిర్మించే సంస్థలకు అధిపతి అయ్యాడు. కొరియా భాషలో హ్యుందాయ్ అనగా ఆధునికం అని అర్థం. ఈ పేరు తెలుగువారికి 1998లో వచ్చిన శాంత్రో కారు ద్వారా బాగా పరిచయమైంది. మాట నిలబెట్టుకున్నవాడికే అప్పు పుడుతుందని, పరపతి పోయినవాడికి వ్యాపారమే లేదని ఇతడు జీవితమంతా నమ్మాడు. ఇతని సంస్థ తయారుచేసిన కార్ల చరిత్ర కూడా కొన్నవారి నమ్మకాన్ని పోగొట్టుకుని, కష్టపడి తిరిగి సంపాదించుకున్న చరిత్రే.

బాల్యం

చుంగ్ ప్రస్తుతం ఉత్తర కొరియాలో ఉన్న కాంగ్వన్ రాష్ట్రంలోని తోంగ్‌చోన్ ప్రాంతంలో, అసాన్ అనే కుగ్రామంలో జన్మించాడు. అప్పటికి కొరియా జపాను పాలనలో ఉన్నది. తల్లిదండ్రులకు ఇతడే పెద్ద కొడుకు. తాతగారి వీధి బడిలో చీనా అక్షరాలు, కన్ఫ్యూషియస్ నీతి గ్రంథాలు చదువుకున్నాడు. ఉపాధ్యాయుడు కావాలని కోరిక ఉన్నప్పటికీ పై చదువులకు స్తోమత లేక పొలం పనిలో దిగవలసి వచ్చింది.

ఎంత చాకిరీ చేసినా కడుపు నిండని సేద్యంపై విరక్తి కలిగి ఇతడు నాలుగు సార్లు ఇల్లు విడిచి వెళ్ళాడు. మొదటిసారి రైలుమార్గ నిర్మాణంలో కూలీగా చేరగా, తండ్రి వెదకి ఇంటికి తీసుకువచ్చాడు. మరొకసారి తండ్రి ఆవును అమ్మి దాచుకున్న సొమ్ము తీసుకుని సియోల్ నగరానికి పారిపోయి, పద్దులు వ్రాయడం నేర్పే పాఠశాలలో చేరాడు. అప్పుడు కూడా తండ్రి వచ్చి వెంటబెట్టుకుని వెళ్ళాడు. ఆ ఆవు సొమ్ము విషయం వృద్ధాప్యం వరకు ఇతని మనసులో నిలిచిపోయింది. 1933లో నాలుగవసారి వెళ్ళినప్పుడు మాత్రం తిరిగి రాలేదు.

బియ్యం కొట్టు నుండి మోటారు షెడ్డుకు

ఇంచోన్ రేవులో, భవన నిర్మాణాలలో కూలి పని చేసిన తరువాత చుంగ్ సియోల్‌లో ఒక బియ్యం కొట్టులో ఇంటింటికీ బస్తాలు చేరవేసే పనిలో కుదిరాడు. తెల్లవారకముందే కొట్టు ఊడ్చి, పద్దులు సరిచేసి పెట్టే ఇతని శ్రద్ధ యజమానిని ఆకట్టుకుంది. యజమాని తరువాత తన కొట్టును ఇతనికే అప్పగించాడు. 1938లో చుంగ్ దానిని సొంత పేరుతో తెరిచాడు. అయితే మరుసటి సంవత్సరమే జపాను ప్రభుత్వం బియ్యంపై రేషను విధించడంతో కొట్టు మూతపడింది.

1940లో అప్పు చేసి సియోల్‌లో ఒక మోటారు వాహనాల మరమ్మతు షెడ్డును కొన్నాడు. కొద్ది రోజులకే అది అగ్నిప్రమాదంలో కాలిపోయింది. బాగుచేయడానికి వచ్చిన ఖాతాదారుల వాహనాలు కూడా బూడిదయ్యాయి. తనకు మొదట అప్పిచ్చిన వ్యక్తి వద్దకే వెళ్ళి మళ్ళీ అప్పు అడిగి షెడ్డును తిరిగి నిలబెట్టాడు. ఇతర షెడ్లు ఎక్కువ రోజులు తీసుకునే మరమ్మతులను తక్కువ రోజులలో ముగించి ఇవ్వడం ఇతని పద్ధతి. వాహనం లేని ప్రతి దినం యజమానికి నష్టమేనని గ్రహించినందువల్ల, తొందరగా పని ముగించి ఎక్కువ కూలి అడిగినా ఖాతాదారులు సంతోషంగా చెల్లించేవారు. 1943లో యుద్ధ అవసరాల పేరుతో ప్రభుత్వం ఈ షెడ్డును మరొక కర్మాగారంలో బలవంతంగా విలీనం చేసింది.

హ్యుందాయ్ స్థాపన

కొరియాకు జపాను నుండి విముక్తి లభించిన తరువాత 1946లో హ్యుందాయ్ పేరుతో మరమ్మతు షెడ్డును, 1947లో నిర్మాణ సంస్థను ప్రారంభించాడు. 1950లో ఈ రెండూ కలిసి హ్యుందాయ్ నిర్మాణ సంస్థగా ఏర్పడ్డాయి. అదే సంవత్సరం కొరియా యుద్ధం మొదలైంది. పుసాన్ నగరంలో ఆశ్రయం పొందిన కాలంలో, తమ్ముడు చుంగ్ ఇన్-యుంగ్ అమెరికా సైన్యం వద్ద దుబాసిగా ఉండటం వలన సైనిక నిర్మాణ పనులు లభించాయి.

1953లో ఒప్పుకున్న గోర్యోంగ్ వంతెన పని ఇతనికి పెద్ద పరీక్ష అయింది. యుద్ధానంతరం ధరలు విపరీతంగా పెరగడంతో కూలీలకు డబ్బు చెల్లించలేని స్థితి వచ్చింది. పని మధ్యలో వదిలివేయమని పలువురు సలహా ఇచ్చినా వినక, కుటుంబ సభ్యుల ఇళ్ళు అమ్మించి 1955లో వంతెన పూర్తిచేశాడు. ఆ అప్పులు తీరడానికి చాలా సంవత్సరాలు పట్టింది. కానీ నష్టానికైనా పని ముగించే సంస్థ అనే పేరు వచ్చి, ఆ తరువాత సియోల్‌లో హాన్ నదిపై దెబ్బతిన్న వంతెన పునర్నిర్మాణం లభించింది. సియోల్ - పుసాన్ నగరాలను కలిపే 428 కిలోమీటర్ల రహదారిలో (1968-1970) పెద్ద భాగం పని హ్యుందాయ్‌కు దక్కింది. ఈ రహదారి నిర్మాణంలో 77 మంది ప్రాణాలు కోల్పోయారు.

1971లో ఓడల నిర్మాణానికి విదేశీ రుణం కోసం లండన్ వెళ్ళినప్పుడు చుంగ్ చేతిలో ఉల్సాన్ సముద్రతీరపు ఛాయాచిత్రం తప్ప మరేమీ లేదు. కొరియా వారు శతాబ్దాల క్రితమే ఓడలు కట్టారనడానికి 500 వన్‌ల నోటుపై ఉన్న తాబేలు ఓడ బొమ్మను చూపించాడని ప్రసిద్ధి. ఓడల కర్మాగారం, గ్రీకు వర్తకుని కొరకు కట్టిన భారీ చమురు ఓడలు 1974లో ఒకేసారి సిద్ధమయ్యాయి. 1976లో సౌదీ అరేబియాలోని జుబైల్ రేవు నిర్మాణం సుమారు 93 కోట్ల డాలర్లకు లభించింది. దీనితో వేలాది కొరియా కార్మికులు గల్ఫ్ దేశాలకు తరలివెళ్ళారు.

కార్ల తయారీ

1967 డిసెంబరులో హ్యుందాయ్ మోటార్ సంస్థ ఏర్పడింది. దీని నిర్వహణను తమ్ముడు చుంగ్ సే-యుంగ్‌కు అప్పగించాడు. మొదట అమెరికాకు చెందిన ఫోర్డ్ సంస్థతో ఒప్పందం చేసుకుని, 1968 నుండి ఉల్సాన్‌లో కోర్టినా కార్లను కూర్చడం ప్రారంభించారు. ఐరోపాలోని నున్నని రోడ్లకు తగినట్లు రూపొందించిన ఆ కారు కొరియాలోని మట్టి రోడ్లపై తరచు చెడిపోయేది. టాక్సీ యజమానులనుండి తీవ్ర నిరసన ఎదురైంది. పరాయి నమూనాను కూర్చినంత కాలం లోపం తమది కాకపోయినా అపకీర్తి తమకే వస్తుందని అన్నదమ్ములకు అర్థమైంది.

ఫోర్డ్‌తో చర్చలు విఫలమైన తరువాత సొంత నమూనాకు పూనుకున్నారు. ఇటలీకి చెందిన జార్జెట్టో జుజారో రూపకల్పన చేయగా, ఇంజను పరిజ్ఞానం జపాను సంస్థ మిత్సుబిషి నుండి లభించింది. బ్రిటన్‌కు చెందిన జార్జ్ టర్న్‌బుల్ ఉత్పత్తి బాధ్యత వహించాడు. ఇలా తయారైన పోనీ కారు 1974లో ట్యూరిన్ ప్రదర్శనలో కనిపించి, 1976లో అమ్మకానికి వచ్చింది. ఆ కాలంలో భారతదేశపు రోడ్లపై బ్రిటన్, ఇటలీ నమూనాల ఆధారంగా తయారైన అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని కార్లే ఎక్కువగా తిరిగేవి.

1986లో ఎక్సెల్ అనే చిన్న కారును అమెరికాలో 4,995 డాలర్లకు విడుదల చేశారు. మొదటి సంవత్సరమే 1,68,882 కార్లు అమ్ముడయ్యాయి. అయితే తుప్పు పట్టడం, భాగాలు త్వరగా పాడవడం వంటి లోపాలు బయటపడటంతో ఆ కారు అమెరికాలో హాస్య కార్యక్రమాలకు వస్తువైంది. అమ్మకాలు పడిపోయాయి. చౌక ధర కొనుగోలుదారుని ఒకసారే రప్పిస్తుందని, నాణ్యత మాత్రమే రెండవసారి రప్పిస్తుందని ఈ అనుభవం నేర్పింది. 1998లో హ్యుందాయ్ అమెరికాలో ఇంజను, గేరు పెట్టెలకు పది సంవత్సరాలు లేదా లక్ష మైళ్ళ హామీ ప్రకటించింది. 1999లో సంస్థ పగ్గాలు చేపట్టిన చుంగ్ కుమారుడు మోంగ్-కూ నాణ్యతనే ప్రధాన లక్ష్యంగా పెట్టుకున్నాడు. సైకిలు భాగాల తయారీతో 1944లో మొదలై, 1997లో దివాలా తీసిన కియా సంస్థ కూడా 1998లో హ్యుందాయ్ అధీనంలోకి వచ్చింది.

విమర్శలు, రాజకీయాలు

చుంగ్ పనివారితో పాటు తానూ నిర్మాణ స్థలంలో ఉండేవాడు, నిరాడంబరంగా జీవించేవాడు. అయినప్పటికీ అధిక పని గంటలు, కార్మిక సంఘాల పట్ల వ్యతిరేకత, సైనిక ప్రభుత్వాలతో సాన్నిహిత్యం విమర్శలకు గురయ్యాయి. 1987లో ఉల్సాన్‌లోని హ్యుందాయ్ కార్మికులు పెద్ద ఎత్తున ఆందోళన చేసి సంఘాలు ఏర్పరచుకున్నారు. 1992లో సొంత పార్టీ స్థాపించి దేశాధ్యక్ష పదవికి పోటీ చేసి సుమారు 16 శాతం ఓట్లతో మూడవ స్థానంలో నిలిచాడు. ఎన్నికలకు సంస్థ నిధులు వాడుకున్నాడనే నేరంపై శిక్ష పడింది కానీ వయోభారం దృష్ట్యా జైలుకు పంపలేదు.

వెయ్యిన్నొక్క పశువులు

1998 జూన్‌లో 82 ఏళ్ళ వయసులో చుంగ్ 500 పశువులను లారీలలో ఎక్కించుకుని పన్‌ముంజోమ్ సరిహద్దు దాటి, ఆహార కొరతతో బాధపడుతున్న ఉత్తర కొరియాకు కానుకగా తీసుకువెళ్ళాడు. అదే సంవత్సరం అక్టోబరులో మరో 501 పశువులను చేర్చాడు. తండ్రి వద్దనుండి తీసుకువెళ్ళిన ఒక్క ఆవు సొమ్ముకు బదులుగా వేయింతలు తిరిగి ఇవ్వాలన్నది ఇతని భావన. ఆ నవంబరులోనే దక్షిణ కొరియా యాత్రికులకు ఉత్తర కొరియాలోని కుమ్‌గాంగ్ పర్వత యాత్ర ప్రారంభమైంది.

కుటుంబం, మరణం

1936లో బ్యోన్ జుంగ్-సోక్‌ను వివాహమాడాడు. పెద్ద కొడుకు మోంగ్-పిల్ 1982లో రోడ్డు ప్రమాదంలో మరణించాడు. 2000లో వారసత్వం కోసం మోంగ్-కూ, మోంగ్-హున్ అనే కుమారుల మధ్య బహిరంగ వివాదం చెలరేగి, కార్ల సంస్థలు హ్యుందాయ్ సమూహం నుండి విడిపోయాయి. చుంగ్ 2001 మార్చి 21న సియోల్‌లో మరణించాడు.

భారతదేశంలో, తెలుగునాట

1996 మే నెలలో హ్యుందాయ్ మోటార్ ఇండియా ఏర్పడి, తమిళనాడులో శ్రీపెరంబుదూరు సమీపాన కర్మాగారం నెలకొల్పింది. 1998 సెప్టెంబరులో విడుదలైన శాంత్రోను చూసి మొదట దాని ఎత్తైన ఆకారం బాగాలేదన్నవారు ఎందరో. వాడిన తరువాత తల పైకి చాలినంత చోటు, సులువుగా ఎక్కి దిగే వీలు, చల్లని ఏసీ నచ్చడంతో అది మధ్యతరగతి వాహనమైంది. తరువాత ఐ10, ఐ20, క్రెటా వంటి నమూనాలు వచ్చాయి. 2006లో సంస్థ హైదరాబాదులో ఇంజనీరింగు కేంద్రాన్ని స్థాపించింది. 2017 ఏప్రిల్‌లో ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వంతో ఒప్పందం చేసుకున్న కియా, అప్పటి అనంతపురం జిల్లా పెనుకొండ మండలం ఎర్రమంచి వద్ద ఏడాదికి 3 లక్షల కార్ల సామర్థ్యంతో కర్మాగారం నిర్మించింది. కరవుసీమగా పేరుపడిన ఈ ప్రాంతం నుండి 2019 ఆగస్టులో సెల్టోస్ కారు మార్కెట్లోకి వచ్చింది. 2022 నుండి ఎర్రమంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతంలో

2016 అక్టోబరు వరకు కరీంనగర్ జిల్లాలో ఉన్న ఈ మూడు పట్టణాలలో జగిత్యాల, కోరుట్ల ప్రస్తుతం జగిత్యాల జిల్లాలో, సిరిసిల్ల రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఉన్నాయి. వరి, పసుపు పండే పల్లెలు, మరమగ్గాల సిరిసిల్ల, గల్ఫ్ వలసలు ఈ ప్రాంతపు ప్రత్యేకతలు. కొరియా కార్మికులు ఎడారిలో రేవులు కట్టిన 1970ల నుండే ఇక్కడి వారు కూడా గల్ఫ్ బాట పట్టారు. అలా సంపాదించిన సొమ్ముతో ఇల్లు కట్టుకుని, చెల్లెలి పెళ్ళి చేసి, మిగిలినదానితో కారు కొనుక్కునే కుటుంబాలు ఉన్నాయి. ఇక్కడ కారు అంటే ప్రతిదిన ప్రయాణ సాధనం కన్నా వేములవాడ, కొండగట్టు, ధర్మపురి యాత్రలకు, కరీంనగర్ ఆసుపత్రులకు, గల్ఫ్ వెళ్ళేవారిని శంషాబాదు విమానాశ్రయంలో దింపి రావడానికి ఉపయోగపడే కుటుంబ ఆస్తి.

కావున ఇక్కడి యజమానులు కారును తూచే కొలతలు వేరు. లీటరుకు వచ్చే మైలేజీ, నిండు వేసవిలో ఏసీ పనితనం, తేలికగా తిరిగే స్టీరింగు, మళ్ళీ అమ్మితే వచ్చే ధర హ్యుందాయ్, కియా కార్లకు అనుకూలాంశాలుగా చెబుతారు. విడిభాగాల ఖర్చు, పలుచని రేకు, చిన్న నమూనాలు గుంతల రోడ్డుపై అడుగు తగలడం లోపాలుగా ఎంచుతారు. పాత శాంత్రోను ఊరి మెకానిక్ బాగుచేయగలిగేవాడు కాగా, ఎలక్ట్రానిక్ పరికరాలు నిండిన కొత్త కార్లకు కంపెనీ సర్వీసు కేంద్రానికే వెళ్ళవలసి రావడం దూరపు పల్లెలవారికి ఇబ్బంది.

ప్రయాణికుల భద్రత విషయంలో కూడా సంస్థ చాలా దూరం నడవవలసి వచ్చింది. గ్లోబల్ ఎన్‌క్యాప్ 2014లో జరిపిన పరీక్షలో ఐ10కు, దానితో పాటు పరీక్షించిన ఇతర సంస్థల చిన్న కార్లకు కూడా ఒక్క నక్షత్రం రాలేదు. 2020లో గ్రాండ్ ఐ10 నియోస్‌కు రెండు, సెల్టోస్‌కు మూడు నక్షత్రాలు లభించాయి. 2023లో వెర్నాకు అయిదు నక్షత్రాలు వచ్చాయి.

ప్రాముఖ్యత

యుద్ధంతో శిథిలమైన దేశం ఒక తరంలో పారిశ్రామిక దేశంగా మారడంలో చుంగ్ పాత్ర గణనీయమైనది. దానికి కార్మికులు చెల్లించిన మూల్యాన్ని కూడా ఆ చరిత్రలో భాగంగానే చూడవలసి ఉన్నది. బియ్యం బస్తాలు మోసిన రోజులలో ఇతనికి ఉన్న ఒకే పెట్టుబడి ఎదుటివారి నమ్మకం. శాంత్రోను అనుమానంతో చూసి, వాడి, నచ్చితేనే మరొకటి కొన్న జగిత్యాల, సిరిసిల్ల కుటుంబాల వద్ద కూడా ఇతని సంస్థకు అంతకు మించిన పెట్టుబడి లేదు.