నడక నేర్పిన విద్య – ఆచార్య వినోబా భావే

వార్ధా నుండి హైదరాబాదుకు రైలులో ఒక్క రాత్రి ప్రయాణము. 1951 మార్చి 8న ఆచార్య వినోబా భావే ఆ దూరమునే కాలినడకన బయలుదేరి, సుమారు 300 మైళ్లు నడిచి, నెలనాళ్లకు చేరినారు. టిక్కెట్లు వ్రాసి ఇచ్చుటే వృత్తిగా గల మాబోటివారికి ఇది మొదట వింతగానే తోచును. ఆ నడక వారికి ఏమి నేర్పినదో తెలిసికొన్నచో ఆ వింత తొలగి గౌరవము కలుగును.

వినోబాగారి అసలు పేరు వినాయక్. 1895 సెప్టెంబరు 11న మహారాష్ట్రలోని కొలాబా జిల్లా గాగోదే గ్రామములో జన్మించినారు. తల్లి రుక్మిణీబాయి మహా భక్తురాలు. బాల్యము బరోడాలో గడిచినది. అచ్చట ఊరిచుట్టు మైళ్లకొలది తిరుగుట ఆ బాలునికి ఎంతో ప్రీతి. 1916లో తన సర్టిఫికెట్లను పొయ్యిలో వేసి కాల్చివేసినారు. ఆ కాగితము చూపియే ఉద్యోగము సంపాదించుకొన్న మనకు ఈ మాట వినగానే గుండె ఝల్లుమనును! ఆ యేడే ఇంటర్మీడియెట్ పరీక్షకని బొంబాయి రైలెక్కి, దారిలో సూరత్తులో దిగి, కాశీకి వెళ్లిపోయినారు. బ్రహ్మజ్ఞానము ఒక కోరిక, దేశసేవ మరియొక కోరిక. రెండును ఒక్కచోట లభించునని తోచి, జూన్ 7న అహమ్మదాబాదులో గాంధీజీని దర్శించి వారి ఆశ్రమములో చేరినారు.

మరుసటి సంవత్సరము సెలవు తీసుకొని వాయి క్షేత్రములో సంస్కృతము చదివి, పిమ్మట మహారాష్ట్ర గ్రామములలో సుమారు 400 మైళ్లు నడచుచు గీతను బోధించినారు. 1921 నుండి వార్ధా వారి కర్మభూమి. 1940లో గాంధీజీ వ్యక్తి సత్యాగ్రహమునకు మొదటివానిగా వీరినే ఎన్నుకొన్నారు. తరువాత వెల్లూరు జైలులో ఉండగా దక్షిణ దేశ భాషలు నాలుగింటిని అభ్యసించినారు. మన తెలుగు వాటిలో ఒకటి.

ఇక 1951 నాటి సంగతి. శివరాంపల్లిలో సర్వోదయ సమ్మేళనము. ఖర నామ ఉగాది దినములలోనే వినోబాజీ అచ్చటికి చేరినారు. అప్పుడు తెలంగాణము భూమి తగవులతో, రక్తపాతముతో అట్టుడికి ఉన్నది. సభ ముగిసిన పిదప, శ్రీరామనవమినాడు హైదరాబాదు జైలులోని కమ్యూనిస్టు ఖైదీలను కలిసికొని, అటనుండి పల్లెల దారి పట్టినారు. చేతిలో ఏ పథకమును లేదు. ఏప్రిల్ 18న నల్లగొండ జిల్లా పోచంపల్లిలో, ఆనాడు హరిజనులని పిలువబడిన పేదలు తమకు 80 ఎకరముల భూమి కావలెనని విన్నవించుకొన్నారు. సగము మాగాణి, సగము మెట్ట. ప్రభుత్వమునకు వ్రాసి చూతమని మొదట తలచినారు. అంతలో ఏమి తోచెనో, ఊరివారు ఎవరైన ఈయగలరా అని అక్కడ కూడినవారినే అడిగినారు. వెదిరె రామచంద్రారెడ్డిగారు లేచి 100 ఎకరములు ఇత్తునన్నారు.

ఆ రాత్రి వినోబాజీకి సరిగా నిద్ర పట్టలేదు. దేశములోని పేదలందరికిని ఇట్లు అడిగి తేగలనా అను శంక కలిగినది. తుదకు, అడుగుటకు జంకినచో తాను ఇన్నాళ్లు నమ్మిన అహింసయందే తనకు విశ్వాసము లేనట్లని తేల్చుకొన్నారు. ముప్పది ఏండ్ల ఆశ్రమ జీవితములో ఎదురుపడని ఈ ప్రశ్న, నడచి వెళ్లిన ఒక తెలుగు పల్లెలో ఎదురుపడినది. రైలులో వచ్చి రైలులో మరలియున్నచో ఆ పల్లెయు లేదు, ఆ ప్రశ్నయు లేదు.

అక్కడి నుండి 51 దినములలో 12 వేల ఎకరములకు పైగా లభించినది. ఆ సెప్టెంబరులో పౌనార్ నుండి ఢిల్లీకి కూడ నడిచియే వెళ్లినారు. తెల్లవారకముందే లేచి, లాంతరు వెలుగులో దారి పట్టుట నిత్యకృత్యమైనది. 1952 చివర చాండిల్‌లో మలేరియా ప్రాణముమీదికి తెచ్చినను కోలుకొని మరల నడిచినారు. 1960లో చంబల్ లోయలో బందిపోటు దొంగలు కొందరు వారి ముందు ఆయుధములు విడిచిరి. 1964లో పౌనార్ ఆశ్రమమునకు తిరిగి వచ్చునాటికి 30 వేల మైళ్లకు మించి నడచియుండిరి.

దానముగా పలికిన భూమి 40 లక్షల ఎకరములు దాటినది. అందులో రాళ్లనేల ఉన్నది, వ్యాజ్యములలో చిక్కినది ఉన్నది. చాల భాగము పేదలకు చేరనే లేదు. ఈ మాట దాచుట వారికి గౌరవము కాదు. అయినను ఒకరి ముంగిట నిలిచి, వారి కష్టము విని, మరియొకరిని చేయి చాచి అడుగగల ధైర్యము తనలో ఉన్నదని వారికి తెలిపినది ఆ నడకయే.

1970లో ఇక పౌనార్ విడువనని క్షేత్రసన్న్యాసము స్వీకరించి, 1982 నవంబరు 15న అచ్చటనే దేహము చాలించినారు. మరుసటి ఏడు భారతరత్న బిరుదము లభించినది.

మన పెద్దలు బ్రతుకుతెరువు కోసము రైలెక్కి ఈ పరాయి సీమకు వచ్చినవారు. ఊరు చేరుటకు రైలు చాలును. ఊరిలోని మనుష్యులను, వారి నడుమ మనలను తెలిసికొనుటకు నడక కావలెను. ఈ ఉగాదికి షడ్రుచుల పచ్చడి ఆరగించి, మన పేటనుండి పక్క పేటవరకైనను పిల్లలతో కలిసి నడచి, అక్కడివారి కుశలమడిగి వత్తము.