డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు: భాస్వరపు లెక్క

నెల్లూరు తీరమున రొయ్యల చెరువులు వెలసినప్పటినుండి నీటిపరీక్ష యను మాట మన పల్లెలలో వాడుకలోనికి వచ్చినది. సీసాలో నీరు పట్టుకొనిపోయి పరీక్షాశాలలో నిచ్చి చీటి తెచ్చుకొనుట తీరగ్రామముల రైతులకు క్రొత్తగాదు. నీటిలో భాస్వర మెంత గలదో తెలియవలసినప్పుడు పరీక్షకులు దానిలో మాలిబ్డేటు ద్రావకమును గలిపి, పుట్టిన నీలిరంగు గాఢతను కొలుతురు. ఆ రంగును నమ్మదగిన కొలతగా దిద్దినవారిలో నొకరు తెలుగువారని మా విద్యార్థులలో పెక్కుమంది యెరుగరు. అందుచే వారి చరిత్రము నిచ్చట వ్రాయ నుద్దేశించితిమి.

సుబ్బారావుగారు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీని భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు రెవిన్యూశాఖలో పనిచేసి, అనారోగ్యముచే ముందుగనే కొలువు మానుకొనిరి. సంసారము పెద్దది, రాబడి చిన్నది. పదమూడేండ్ల ప్రాయమున నీ బాలుడు కాశికి పోయి యాత్రికులకు అరటిపండ్లమ్మి ధనము గడింపవలెనని యిల్లు విడిచి పారిపోయెను. తల్లి వెంకమ్మగారు త్రోవలోనే పట్టితెప్పించి మరల బడిలో కూర్చుండబెట్టిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండుమారులు తప్పి, మూడవమారు మద్రాసు హిందూ ఉన్నత పాఠశాలనుండి గట్టెక్కిరి. (ఈ సంగతిని మా పదవ తరగతివారు తమ కనుకూలముగ వాడుకొనకుందురుగాక, మూడవమారు ఆయన చదివిన చదువు వేరు.)

పిమ్మట ప్రెసిడెన్సీ కళాశాలలో చదివి, సన్యసింపవలెనని రామకృష్ణమఠమువారి నాశ్రయించిరి గాని తల్లి యందులకు సమ్మతింపలేదు. మద్రాసు వైద్యకళాశాలలో చేరిరి. శేషగిరమ్మగారిని వివాహమాడిరి; చదువు వ్యయమును మామగారే భరించిరి. గాంధీమహాత్ముని బోధచే విదేశవస్త్రములను విడిచి, శస్త్రచికిత్సాశాలకు సైతము ఖద్దరు అంగీతోనే పోయిరి. శస్త్రచికిత్సాచార్యునకు కోపము వచ్చినది. తక్కిన పాఠ్యవిషయములలో నెంత చక్కగ వ్రాసినను, పూర్తిపట్టమునకు బదులు ఎల్.ఎం.ఎస్. అను తక్కువ పట్టమే లభించెను.

ఈ కాలముననే ఆ యింట పిడుగుపడెను. సోదరులిరువురు కొలదిదినముల యెడముతో సంగ్రహణి వ్యాధికి బలియైరి. తిన్న యన్న మొడలికి పట్టక, నెత్తురు పలుచబడి, మనిషి క్రమముగ శుష్కించు రోగమది. నాటి వైద్యులకు దానికి మందు తెలియదు. సుబ్బారావుగారు కొంతకాలము మద్రాసు ఆయుర్వేదకళాశాలలో శరీరశాస్త్రమును బోధించిరి గాని, వ్యాధికి మూలమును వెదకవలెనన్న తపన వారిని నిలువనీయలేదు. మామగారును, మల్లాడి సత్యలింగనాయకరుగారి ధర్మనిధియు తోడ్పడగా, నిండుచూలాలగు భార్యను విడిచి అమెరికాకు ఓడయెక్కిరి. పుట్టిన మగబిడ్డ పసితనముననే మరణించెను. తండ్రి యా బిడ్డ మొగము చూడలేదు.

బోస్టను నగరమున హార్వర్డు విశ్వవిద్యాలయములో చేరిన పిదప పొట్ట గడచుటకై ఆసుపత్రిలో రాత్రివేళ రోగుల మలమూత్రపాత్రలను కడుగుపనికి కుదిరిరి. పట్టము పొందిన వైద్యుడు ఆ పని చేసెనని విని మనవారిలో కొందరు సిగ్గుపడుదురు. సిగ్గుపడవలసిన దేమియో మాకు తెలియదు. పగటివేళ సైరస్ ఫిస్కేగారి జీవరసాయనశాలలో పనిచేసిరి.

అచ్చట వారి కప్పగింపబడినది నెత్తురులో భాస్వరమును లెక్కించు పని. బెల్, డాయిజీ అనువారు 1920లో నొక పద్ధతిని ప్రకటించియుండిరి. ఆమ్లములో నున్న ఫాస్ఫేటు మాలిబ్డేటుతో కూడి, తగిన క్షయకరణద్రవ్యము తగిలినంతనే నీలవర్ణమును పొందును. భాస్వర మెంత యెక్కువయో నీల మంత చిక్కన. చిక్కెల్ల రంగు నిలుకడ లేకుండుటలో నున్నది. చూచుచుండగనే వెలసిపోవు రంగుతో లెక్క యెట్లు తేలును? ఫిస్కే, సుబ్బారావుగారలు పాతద్రవ్యమునకు బదులు అమినోనాఫ్తాల్ సల్ఫోనిక్ ఆమ్లమును వాడి రంగును నిలిపిరి. 1925లో ప్రకటింపబడిన యీ పద్ధతి వారి యిరువురి పేరనే ప్రసిద్ధమై, అనేక దేశముల ప్రయోగశాలలకు ప్రాకినది. 1962లో మర్ఫీ, రైలీ అనువారు నదీసముద్రజలముల కనువుగ సిద్ధపరచినదియు నీ మాలిబ్డినపు నీలమును పుట్టించునదే. దానిలో క్షయకరణద్రవ్యము ఆస్కార్బిక్ ఆమ్లము.

అయితే పద్ధతికన్న దానివలన కంటబడినది గొప్పది. కండరమును నూరి తీసిన రసమునకు మాలిబ్డేటును గలిపినప్పుడు రంగు ఒక్కసారిగ రాలేదు. పోనుపోను ముదురుచు వచ్చెను. తొందరపాటువాడైనచో తన ద్రావకము చెడినదని పారబోసియుండును. ఏదో యొక పదార్థము ఆమ్లములో మెల్లమెల్లగ విరిగి భాస్వరమును విడుచుచున్నదని వీరూహించిరి. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిను. 1927లో లోకమునకు తెలిసినది. కండరము పనిచేయుటకు గ్లైకోజను లాక్టిక్ ఆమ్లముగా మారుటయే ఆధారమన్న సిద్ధాంతమునకు హిల్, మైయర్‌హాఫ్ పండితులు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానమును పొందియుండిరి. ఆ సిద్ధాంత మిప్పుడు కదలిపోయెను. 1929లో ఎ.టి.పి. యను మూడు భాస్వరముల పదార్థమును కనుగొనిరి. ఆ సంవత్సరమే జర్మనీలో లోమన్ పండితుడును వేరుగ దానిని కనుగొనెను. ప్రాణుల కన్నింటికిని బలము చిల్లరనాణెములవలె చేతులు మారునది దీని రూపముననే.

ఇచ్చట కథను కొంచెము నిలిపి యొక మాట చెప్పవలెను. ఈ నీలిరంగు విడిగానున్న ఫాస్ఫేటును మాత్రమే చూపును. పొలపు మట్టిలోను చెరువు బురదలోను గల భాస్వరము చాలవరకు విడిగా నుండదు. కొంత యినుముతోను సున్నముతోను బిగిసి, కొంత గింజలనుండి వచ్చిన ఫైటేటుగను, చచ్చిన సూక్ష్మజీవుల పదార్థముగను దాగియుండును. దానిని నీలిరంగునకు తేవలెనన్న ఆమ్లములో నుడికించి విరుగగొట్టవలెను. అప్పుడు మొత్తము తెలియును గాని యేది యెందుండి వచ్చినదో తెలియదు. 1945-46 సంవత్సరములలో హార్వర్డులోనే పర్సెల్ పండితుని బృందమును, స్టాన్‌ఫర్డులో బ్లాక్ పండితుని బృందమును కనుగొన్న అయస్కాంతానునాదము ఈ కొరతను తీర్చినది. భాస్వరపు పరమాణుకేంద్రము చిన్న అయస్కాంతమువంటిది. బలమైన అయస్కాంతము నడుమ నుంచి రేడియోతరంగములను పంపినచో అది తనకు తగిన తరంగమునకే పలుకును. చుట్టునున్న పరమాణువులనుబట్టి ఆ పలుకు రవంత మారును. వీణతీగ మెట్టుమెట్టునకు వేరుస్వరము పలికినట్లు ఫాస్ఫేటు, ఫైటేటు, పైరోఫాస్ఫేటు వేర్వేరుచోట్ల శిఖరములుగ కనబడును. 1974లో ఆక్స్‌ఫర్డువారు ఎలుక కండరమును నూరకయే దానిలో ఫాస్ఫోక్రియాటినును, ఎ.టి.పి.లోని మూడు భాస్వరములను వేర్వేరుగ చూచిరి. 1980లో న్యూజీలండున న్యూమన్, టేట్ అనువారు మట్టినుండి క్షారముతో తీసిన ద్రవమున కిదే పరీక్షను చేసిరి. నాటినుండి సరస్సుల యడుగుబురదకును దీనిని వాడుచున్నారు.

మన తీరమున కిది దూరపుమాట గాదు. పొలములనుండియు రొయ్యల చెరువులనుండియు భాస్వరము కాలువలకు చేరినచో నాచు పెరుగును. అది చచ్చి క్రుళ్లునప్పుడు నీటిలోని ప్రాణవాయువు హరించును, చేపలు తేలును. వాయువు తక్కువైన బురద తాను ఇనుముతో బిగించియుంచిన భాస్వరమును మరల నీటిలోనికి వదలును. కావున మేత తగ్గించినంతమాత్రమున నీరు వెంటనే బాగుపడదు. పులికాటువంటి సరస్సునకు బురదలో నెంత గలదన్న ప్రశ్న చాలదు, ఏ రూపమున గలదో తెలియవలెను. తీరపు రొయ్యల చెరువులపై 1996 డిసెంబరున సుప్రీముకోర్టు తీర్పు చెప్పినదియు, 2005లో తీరజలసేద్యమునకు ప్రత్యేకశాసనము వచ్చినదియు పెద్దలెరిగినదే. అయితే ఆ యంత్రమునకు ద్రవహీలియముతో చల్లబరచిన అయస్కాంతము కావలెను. మట్టిలోని ఇనుము శిఖరములను చెదరగొట్టును. కావున నీలిరంగు సీసా నేటికిని పదవిని విడువలేదు.

ఇక కథకు వత్తము. 1930లో డాక్టరు పట్టము పొందియు హార్వర్డులో సుబ్బారావుగారికి స్థిరమైన పదవి దొరకలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రమందలి పెర్ల్‌రివరులోని లెడర్లీ ఔషధశాలలో చేరి పరిశోధనకు అధిపతియైరి. 1945లో వారి బృందము ఫోలిక్ ఆమ్లమును కృత్రిమముగ తయారుచేసి ప్రకటించెను. సంగ్రహణి రోగులకు నెత్తురు పట్టించిన మందు అదియే. సోదరులు పోయి అప్పటికి రెండు దశాబ్దములు దాటినది. ఆ యామ్లమునకే మారురూపములైన అమినాప్టెరినును ఫార్బరు వైద్యుడు నెత్తుటి క్యాన్సరు పిల్లలకిచ్చి, 1948లో ఫలితములు ప్రకటించెను. లెడర్లీ వారికై డగ్గర్ పండితుడు మిస్సోరి విశ్వవిద్యాలయపు పొలమునుండి వచ్చిన పిడికెడు మట్టిలో ఆరియోమైసినును పుట్టించు సూక్ష్మజీవిని కనుగొనెను. మట్టిలో నేమున్నదో వెదకుటకు సుబ్బారావుగారి శాలలో విసుగనునది లేదు.

బోదకాలు వ్యాధికి హెట్రజాను అను డైఇథైల్‌కార్బమజీను 1947లో ఆ శాలనుండియే వచ్చినది. మన కోస్తామండలములలో ఇంటింటికి తిరిగి యిచ్చిన మాత్రలలో నదియు కలదు.

1946లో భారతీయులకు అమెరికా పౌరసత్వము పొందు వీలు కలిగినను సుబ్బారావుగారు దానిని స్వీకరింపలేదు. స్వదేశమునకు తిరిగియు రాలేదు. 1948 ఆగస్టున పెర్ల్‌రివరులో నిద్రలోనే గుండె ఆగి మరణించిరి. వయస్సు 53 సంవత్సరములు. శేషగిరమ్మగారు సముద్రమున కీవలనే యుండిరి. 1995లో, వారి శతజయంతి సంవత్సరమున, భారతప్రభుత్వమువారు వారి బొమ్మతో తపాలాబిళ్లను వెలువరించిరి.